పేరు బహిరంగం.. ఓటు రహస్యం

ఓటరుకు రక్షణ కల్పించిన తొలి ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్
జనవరి 25 జాతీయ ఓటర్ల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక కథనం

నల్గొండ: ఏటా జనవరి 25న జిల్లాలో బడిపిల్లలు ప్లకార్డులు పట్టుకుని ర్యాలీలు తీస్తారు. కార్యాలయాల్లో ఉద్యోగులు ఓటరు ప్రతిజ్ఞ చేస్తారు. పద్దెనిమిదేళ్లు నిండిన యువతీ యువకులకు గుర్తింపు కార్డులు అందజేస్తారు. 1950లో అదే రోజున ఎన్నికల సంఘం ఆవిర్భవించిన సందర్భాన్ని పురస్కరించుకుని 2011 నుంచి ఈ దినోత్సవాన్ని నిర్వహిస్తున్నారు. అయితే ఆ సంఘానికి తొలి సారథిగా వ్యవహరించి, దేశానికి ఓటు వేయడం నేర్పిన అధికారి పేరు మాత్రం ఈ సభల్లో అరుదుగానే వినిపిస్తుంది. ఆయనే సుకుమార్ సేన్.

ఓటరు జాబితాలో ప్రతి మనిషీ సొంత పేరుతో, నలుగురూ చూసేలా ఉండాలని ఆయన పట్టుబట్టారు. అదే మనిషి వేసిన ఓటు మాత్రం ఎవరి కంటా పడరాదని అంతే గట్టిగా నిలిచారు. పేరు దాచితే ఓటును దొంగిలిస్తారు. ఓటు బయటపడితే ఓటరును వేధిస్తారు. ఈ రెండింటి నడుమ గీత గీయడమే ఆయన చేసిన పని. ఆ గీతకు చట్టంలో చోటు దక్కింది. దాని కోసం ఒక తరం మహిళలు మూల్యమూ చెల్లించుకున్నారు.

గణితం నుంచి న్యాయపీఠానికి

సుకుమార్ సేన్ పందొమ్మిదో శతాబ్దపు చివరి సంవత్సరాల్లో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించారు. కలకత్తాలోని ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, అనంతరం లండన్ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం అభ్యసించి బంగారు పతకం సాధించారు. 1920ల ఆరంభంలో ఇండియన్ సివిల్ సర్వీసులో చేరారు. బెంగాల్‌లోని పలు జిల్లాల్లో పనిచేశారు. న్యాయమూర్తిగానూ బాధ్యతలు నిర్వర్తించారు. స్వాతంత్య్రం వచ్చాక పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ పదవిలో ఉండగానే కేంద్రం నుంచి పిలుపు వచ్చింది. 1950 మార్చి 21న దేశ తొలి ఎన్నికల ప్రధాన కమిషనర్‌గా బాధ్యతలు స్వీకరించారు. తర్వాతి కాలంలో కేంద్ర న్యాయశాఖ మంత్రిగా పేరొందిన అశోక్ కుమార్ సేన్ ఈయనకు తమ్ముడు.

లెక్కల మనిషి, న్యాయం తెలిసిన మనిషి ఒక్కరే కావడం ఆ రోజుల్లో దేశానికి కలిసివచ్చిందని చెప్పాలి. ఎదుట ఉన్న పని అటువంటిది మరి. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతి పౌరుడికీ, ప్రతి పౌరురాలికీ ఓటు ఇస్తున్నట్లు రాజ్యాంగంలోని 326వ అధికరణ ప్రకటించింది. కులం, మతం, లింగం పేరిట వేర్వేరు జాబితాలు ఉండరాదని 325వ అధికరణ శాసించింది. ఎన్నికల నిర్వహణ భారాన్ని 324వ అధికరణ ఎన్నికల సంఘంపై ఉంచింది. అంతకుముందు ఆంగ్లేయుల పాలనలో ఆస్తి, పన్ను, చదువు ఉన్న కొద్దిమందికే ఓటు ఉండేది. అది ఒక్కసారిగా 17 కోట్ల మందికి పైగా విస్తరించింది. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. ఈ ఎన్నికలను పెద్ద జూదంగా అభివర్ణించిన మద్రాసు పత్రికా సంపాదకుడూ ఉన్నారు.

తొందరపడిన ప్రధాని.. ఓపిక పట్టమన్న అధికారి

1951 తొలి నెలల్లోనే ఎన్నికలు పూర్తి కావాలని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆశించారు. సేన్ అందుకు అంగీకరించలేదు. కొంత ఓపిక పట్టాలని సూచించారు. ఆయన వద్ద అందుకు కారణాలు ఉన్నాయి. ఓటరు జాబితాల తయారీకి, నియోజకవర్గాల విభజనకు వీలు కల్పించే ప్రజాప్రాతినిధ్య చట్టం 1950 మే నెలలో గానీ అమల్లోకి రాలేదు. నామినేషన్లు, పోలింగ్, లెక్కింపు, నేరాలు, శిక్షలు, వివాదాల పరిష్కారం వివరించే రెండో ప్రజాప్రాతినిధ్య చట్టం 1951 జూలైలో వచ్చింది. నాటి న్యాయశాఖ మంత్రి డాక్టర్ అంబేద్కర్ హయాంలోనే ఈ రెండు చట్టాలూ రూపుదిద్దుకున్నాయి.

ఓటరు జాబితాల పని సేన్ రాకముందే మొదలైన సంగతిని ఇక్కడ చెప్పుకోవాలి. రాజ్యాంగం ఇంకా ముసాయిదా దశలో ఉండగానే, రాజ్యాంగ సభ సచివాలయం రాజ్యాంగ సలహాదారు బి.ఎన్.రావు మార్గదర్శకత్వంలో 1947 చివరి నుంచే ఈ పనిని చేపట్టింది. దేశ విభజనతో ఇల్లూవాకిలీ కోల్పోయి వచ్చిన శరణార్థులు ఆ ఊళ్లో ఉండదలచామని వాంగ్మూలం ఇస్తే చాలు, పేరు నమోదు చేయాలని నాడు ఆదేశాలు వెళ్లాయి. కాగితం లేని మనిషికి సైతం ఓటు ఉండాలన్న ఆ ఒరవడిని సేన్ కొనసాగించారు. జాబితాలను టైపు చేసి, సరిచూసేందుకు 16,500 మంది గుమాస్తాలను ఆరు నెలల ఒప్పందంపై నియమించారు.

28 లక్షల పేర్ల కథ

జాబితాలు పరిశీలిస్తుండగా సేన్‌కు ఒక చిక్కు ఎదురైంది. బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్ ప్రాంతాల జాబితాల్లో లక్షలాది మహిళలకు పేర్లే లేవు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి, ఫలానావారి కుమార్తె అని మాత్రమే రాసి ఉంది. మన పల్లెల్లో భర్త పేరు పలకని ఆనవాయితీ పెద్దలందరికీ తెలిసిందే. పేరు చెప్పాల్సి వస్తే పక్కనున్నవారి చేత చెప్పించేవారు. ఉత్తరాదిన అంతకుమించిన కట్టుబాటు ఉండేది. ఇంటికి వచ్చిన పరాయి మగవాడికి స్త్రీ తన పేరు కూడా చెప్పరాదు. గణన కోసం వచ్చిన ఉద్యోగి గడప బయట నిలబడితే లోపలినుంచి వచ్చే జవాబు ఇంటి యజమాని పేరుతోనే ఆగిపోయేది.

ఆచారాన్ని గౌరవించి ఉన్నది ఉన్నట్లు వదిలేయడం సులువైన దారి. సేన్ ఆ దారి పట్టలేదు. పేరు లేని ఓటరును పోలింగ్ రోజున గుర్తించేది ఎలాగన్నది ఆయన మొదటి ప్రశ్న. ఫలానావారి భార్యనని ఎవరు వచ్చి చెప్పినా కాదనడానికి ఆధారం ఉండదు. ఒకరి ఓటు మరొకరు వేసుకుపోతారు. అంతకుమించిన కారణం మరొకటి ఉంది. రాజ్యాంగం ఓటు ఇచ్చింది ఆ మహిళకు గానీ, ఆమె భర్తకో తండ్రికో కాదు. అందుచేత సొంత పేరుతోనే నమోదు చేయాలని, గడువులోగా పేరు చెప్పనివారి నమోదులను తొలగించాలని ఆయన ఆదేశించారు. మహిళలు ముందుకు రావాలని విస్తృత ప్రచారం చేయించారు. బీహార్‌లో ఇందుకోసం ప్రత్యేకంగా నెల రోజుల గడువు పొడిగించారు.

అయినా దేశంలోని దాదాపు 8 కోట్ల మంది మహిళా ఓటర్లలో సుమారు 28 లక్షల మంది పేర్లు వెల్లడి కాలేదు. వారందరినీ జాబితాల నుంచి తొలగించారు. స్వతంత్ర భారత తొలి ఎన్నికల్లో వారికి ఓటు లేకుండా పోయింది. ఈ నిర్ణయంపై అప్పట్లో పెద్ద దుమారమే రేగింది. ఓటు హక్కును కాపాడవలసిన అధికారే దాన్ని లాగేసుకున్నారన్న విమర్శను తేలిగ్గా కొట్టివేయలేం. తప్పు ఆ మహిళలది కాదు. వారిని గడప దాటనివ్వని కట్టుబాటుది. శిక్ష మాత్రం వారికే పడింది.

సేన్ మాత్రం ఈ దుమారం మేలే చేస్తుందని, వచ్చే ఎన్నికల నాటికి కుటుంబాలు దిగివస్తాయని భావించారు. ఆయన అంచనా చాలావరకు నిజమైంది. 1957లో రెండో సార్వత్రిక ఎన్నికలు వచ్చేసరికి అర్హులైన మహిళల్లో 90 శాతానికి పైగా సొంత పేర్లతో జాబితాలకు ఎక్కారు. అనేక ఇళ్లలో స్త్రీ పేరు ప్రభుత్వ కాగితం మీద తొలిసారి కనిపించింది ఓటరు జాబితాలోనేనంటే అతిశయోక్తి కాబోదు.

తెర చాటున ఉక్కు పెట్టె

పేరు విషయంలో ఇంత కఠినంగా ఉన్న సేన్, ఓటు విషయానికి వచ్చేసరికి పూర్తి గోప్యతకు కట్టుబడ్డారు. చదువురాని కోట్లాది మందికి రహస్య ఓటు ఎలా సాధ్యమన్నది నాటి ప్రధాన సమస్య. చదవలేని ఓటరు పక్కవాడి సాయం అడిగితే రహస్యం అక్కడితోనే ముగుస్తుంది. ఊరి పెద్దో, భూస్వామి మనిషో పక్కన నిలబడితే అది ఓటే కాదు.

ఇందుకు పరిష్కారంగా ప్రతి పార్టీకీ ఒక గుర్తు కేటాయించారు. కాడి కట్టిన ఎడ్ల జత, గుడిసె, చెట్టు, దీపం, కంకి కొడవలి వంటి నిత్యం చూసే బొమ్మలనే ఎంచుకున్నారు. ప్రతి అభ్యర్థికీ విడిగా ఒక పెట్టె పెట్టి దానిపై ఆ గుర్తు అంటించారు. ఓటరు కేంద్రంలోకి రాగానే జాబితాలో పేరు సరిచూసి, వేలికి చెరగని సిరా పూసి, రూపాయి నోటంత కాగితం చేతికి ఇచ్చేవారు. ఓటరు ఒంటరిగా తెర చాటుకు వెళ్లి తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో దాన్ని వేసి వచ్చేవారు. రాయవలసిన పని లేదు, ముద్ర వేయవలసిన పని లేదు, ఎవరినీ అడగవలసిన అవసరం అంతకన్నా లేదు. చదువు లేని కూలీకి సైతం రహస్య ఓటు ఆ విధంగా దక్కింది.

ఆ పెట్టెల కోసం 8 వేల టన్నులకు పైగా ఉక్కు ఖర్చయింది. ఇరవై లక్షలకు పైగా పెట్టెలు తయారయ్యాయి. సింహభాగం బొంబాయిలోని గోద్రెజ్ కర్మాగారం తయారుచేయగా, మన హైదరాబాద్‌లోని ఆల్విన్ మెటల్ వర్క్స్ సైతం అందులో పాలుపంచుకోవడం విశేషం. దేశవ్యాప్తంగా 1,96,084 పోలింగ్ బూత్‌లు నెలకొల్పగా, వాటిలో 27,527 బూత్‌లను మహిళలకే కేటాయించారు. పరాయి మగవారి నడుమ నిలబడటానికి జంకే స్త్రీలు నిస్సంకోచంగా రావాలన్నదే దీని ఉద్దేశం. మూడు వేలకు పైగా సినిమా హాళ్లలో ఓటు గురించి వివరించే లఘుచిత్రం ప్రదర్శించారు. ఆకాశవాణిలో ప్రసంగాలు ఇప్పించారు.

తెర ఒక్కటే చాలదని చట్టమూ గుర్తించింది. ఎన్నికల విధుల్లో ఉన్న అధికారి, గుమాస్తా, ఏజెంటు ఎవరైనా సరే ఓటు రహస్యాన్ని కాపాడి తీరాలని 1951 చట్టంలోని 128వ సెక్షన్ నిర్దేశించింది. ఉల్లంఘించినవారికి మూడు నెలల వరకు జైలుశిక్ష విధించవచ్చు. ఎవరికి ఓటు వేశావో చెప్పాలని ఏ సాక్షినీ, ఏ ఓటరునూ బలవంతం చేయరాదని 94వ సెక్షన్ పేర్కొంది. అంటే న్యాయస్థానం సైతం పౌరుడిని అడగకూడని ప్రశ్న ఒకటుందని చట్టం ఒప్పుకొంది.

నల్గొండ ఓటరు చాటిన సత్యం

1951 అక్టోబర్ 25న హిమాచల్‌లోని చినీ తాలూకాలో తొలి ఓట్లు పడ్డాయి. మంచు కురిసి దారులు మూసుకుపోకముందే అక్కడ పోలింగ్ ముగించాలని ఈ ఏర్పాటు చేశారు. 1952 తొలి నెలల్లో మిగతా దేశంలో చాలా భాగం ఓటు వేసింది. అప్పటికి మన జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్‌లోనే. జైళ్లు ఇంకా ఖాళీ కాలేదు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందున ఆ పార్టీవారు ప్రజాస్వామ్య ఫ్రంట్, అంటే పీడీఎఫ్ పేరిట బరిలో దిగారు. పల్లెల్లో ఒకవైపు దొరల భయం, మరోవైపు పోలీసుల భయం రాజ్యమేలుతున్న రోజులవి.

ఆ స్థితిలో నల్గొండ లోక్‌సభ స్థానం నుంచి పీడీఎఫ్ అభ్యర్థి, బొల్లేపల్లి వాసి రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. దేశంలోనే అది అత్యధికం. ప్రధాని నెహ్రూకు వచ్చిన ఓట్ల కన్నా అవి ఎక్కువ. నల్గొండ ద్విసభ్య నియోజకవర్గం కావడంతో ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు ఉండేవన్నది ఇక్కడ గమనించాలి. రిజర్వుడు స్థానాన్ని సైతం పీడీఎఫ్‌కే చెందిన సుంకం అచ్చాలు గెలుచుకున్నారు.

ఈ ఫలితంలో ఏ పార్టీ గెలిచిందన్నదానికన్నా పెద్ద విషయం మరొకటి ఉంది. దొర పొలంలో పనిచేసే జీతగాడు దొరకు నచ్చని పెట్టెలో ఓటు వేసి, సాయంత్రానికి తిరిగి అదే గడీ ముందు నడిచి ఇంటికి వెళ్లగలిగాడు. ఏ పెట్టెలో వేశాడో గడీకి తెలియదు, ఠాణాకు తెలియదు. ప్రభుత్వానికి నచ్చని ఫలితం వచ్చినా ప్రభుత్వం నియమించిన అధికారులే దాన్ని లెక్కించి ప్రకటించారు. సేన్ కట్టిన తెర ఎంత గట్టిదో చెప్పడానికి నల్గొండ ఓట్ల కన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

న్యాయస్థానం చెప్పిన మాట

ఎన్నికలు జరుగుతుండగానే ఒక వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. నాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో, నామక్కల్ శాసనసభ స్థానానికి పొన్నుస్వామి అనే అభ్యర్థి వేసిన నామినేషన్ తిరస్కరణకు గురైంది. ఆయన హైకోర్టును, అనంతరం సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఎన్నికల ప్రక్రియ మొదలయ్యాక మధ్యలో కోర్టులు జోక్యం చేసుకోరాదని, అభ్యంతరం ఉన్నవారు ఎన్నిక ముగిసిన తర్వాత ఎన్నికల పిటిషన్ వేసుకోవాలని 1952 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. 329వ అధికరణకు అర్థం చెప్పిన ఈ తీర్పు నేటికీ ఎన్నికల వివాదాల్లో ప్రస్తావనకు వస్తూనే ఉంది.

అప్పట్లో ఆ పిటిషన్లను విచారించేందుకు ఎన్నికల ట్రైబ్యునళ్లు ఉండేవి. వాటిని నియమించే బాధ్యతా సేన్‌దే. 1966లో చట్ట సవరణతో ఆ అధికారం హైకోర్టులకు మారింది.

లోపాలు లేవా?

సేన్ పద్ధతి లోపరహితమేమీ కాదు. కాగితంపై ఓటరు ఏ గుర్తూ వేయనవసరం లేకపోవడమే దాని బలం, బలహీనత కూడా. తెర చాటుకు వెళ్లినవారు కాగితాన్ని పెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకుని బయటకు తెచ్చి అమ్ముకునే వీలుంది. కొన్నవారి మనిషి తర్వాత లోపలికి వెళ్లి వాటన్నింటినీ ఒకే పెట్టెలో వేయవచ్చు. అభ్యర్థులు పెరిగేకొద్దీ పెట్టెలూ పెరిగేవి. కొందరు పెట్టెనే దేవుడిగా భావించి పూలు వేసినట్లు, విన్నపాల చీటీలు వేసినట్లు లెక్కింపు వేళ బయటపడింది.

ఈ అనుభవాలన్నింటినీ సేన్ దాచలేదు. తొలి ఎన్నికలపై ఆయన సమర్పించిన సవివర నివేదికలో పొరపాట్లనూ అంకెలతో సహా నమోదు చేశారు. అభ్యర్థులందరి పేర్లు, గుర్తులు ఒకే కాగితంపై ముద్రించి, నచ్చిన గుర్తుపై ముద్ర వేయించే విధానం ఆయన పదవి వీడిన తర్వాత క్రమంగా అమల్లోకి వచ్చింది. 1962 సార్వత్రిక ఎన్నికల నాటికి దాదాపు దేశమంతటా అదే స్థిరపడింది. పద్ధతి మారినా తెర మారలేదు.

సూడాన్ నుంచి పిలుపు

భారత ఎన్నికల తీరు విదేశాలనూ ఆకర్షించింది. బ్రిటన్, ఈజిప్టుల ఉమ్మడి పాలనలో ఉన్న సూడాన్‌లో 1953లో తొలి పార్లమెంటు ఎన్నికలు జరపాలని నిర్ణయించారు. పాలకులిద్దరిపైనా సూడాన్ ప్రజలకు నమ్మకం లేదు. దీంతో ఏడుగురు సభ్యుల అంతర్జాతీయ ఎన్నికల సంఘాన్ని నియమించి, దానికి అధ్యక్షుడిగా భారత్ నుంచి సుకుమార్ సేన్‌ను తీసుకున్నారు. ఎడారి, అడవి, నది పొడవునా చెదిరిన జనాభా ఉన్న ఆ విశాల దేశంలో ఆ ఏడాది నవంబర్, డిసెంబర్‌లలో ఎన్నికలు జరిపించారు. 1956 జనవరి 1న సూడాన్ స్వతంత్ర దేశమైంది.

1954లో పద్మ పురస్కారాలు నెలకొల్పిన తొలి ఏడాదే భారత ప్రభుత్వం సేన్‌ను పద్మభూషణ్‌తో గౌరవించింది. 1955లో ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు ఆయన హయాంలోనే జరిగాయి. ప్రకాశం ప్రభుత్వం పడిపోయిన తర్వాత జరిగిన ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ కూటమి ఘనవిజయం సాధించగా, కమ్యూనిస్టులు 15 స్థానాలకే పరిమితమయ్యారు. మూడేళ్ల కిందట తెలుగునాట వచ్చిన ఫలితాలకు ఇది పూర్తిగా భిన్నం. రెండు తీర్పులూ అదే తెర చాటు నుంచి వచ్చాయి.

1957 ఎన్నికల నాటికి ఓటర్ల సంఖ్య 19 కోట్లు దాటింది. తొలిసారి తయారుచేయించిన పెట్టెలను జాగ్రత్తగా భద్రపరిచి మళ్లీ వాడటంతో ఈసారి ఖర్చు కోట్ల రూపాయల మేర తగ్గింది. ప్రజల సొమ్ము విషయంలో ఆయన జాగ్రత్తకు ఇది నిదర్శనం.

చివరి రోజులు

1958 డిసెంబర్‌లో సేన్ ఎన్నికల సంఘం నుంచి వైదొలిగారు. 1960లో పశ్చిమ బెంగాల్‌లో నెలకొల్పిన బర్ద్వాన్ విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమితులయ్యారు. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే కన్నుమూశారు. ఆయన ఆత్మకథ రాయలేదు. ఆయన గురించి తెలుసుకోవాలంటే అధికారిక నివేదికలే దిక్కు. తన గురించి ఏమీ చెప్పుకోని మనిషి దేశంలోని ప్రతి ఒక్కరి పేరూ కాగితం మీద ఉండాలని పట్టుబట్టడం ఒక వింత.

ఆయన గీసిన గీత నేడు ఎక్కడ?

సేన్ అనంతరం ఎన్నికల విధానం ఎంతో మారింది. కాగితం పోయి ఓటింగ్ యంత్రం వచ్చింది. ఓటు ఎవరికి పడిందో ఓటరు ఒక్కరే చూసుకునేలా ఏడు సెకన్లపాటు చీటీ కనిపించే వీవీప్యాట్ వచ్చింది. ఆయన గీసిన గీతపై వాదోపవాదాలు మాత్రం ఆగలేదు.

అభ్యర్థులెవరూ నచ్చనివారు గతంలో ఆ విషయాన్ని పోలింగ్ అధికారికి చెప్పి రిజిస్టరులో సంతకం చేయాల్సి వచ్చేది. దీనివల్ల గోప్యత దెబ్బతింటోందంటూ పౌరహక్కుల ప్రజాసంఘం పీయూసీఎల్ వేసిన వ్యాజ్యంలో 2013 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు తీర్పు వెలువరించింది. ఓటు వేయనివారి నిర్ణయానికి కూడా రహస్యం ఉండాలని స్పష్టం చేసింది. యంత్రంపై నోటా మీట అలా వచ్చింది. ఓటరు జాబితాలను కంప్యూటర్‌లో సులువుగా వెతికే రూపంలో ఇవ్వాలన్న అభ్యర్థనను 2018లో అదే న్యాయస్థానం తోసిపుచ్చింది. పేరు బహిరంగంగా ఉండటం వేరు, కోట్ల పేర్లను ఒక్క మీటతో పోగుచేసి వాడుకోవడం వేరన్న ఆందోళన నాడు చర్చకు వచ్చింది. సేన్ రోజుల్లో ఎవరూ ఊహించని సమస్య ఇది.

పల్లెలకు దగ్గరి సమస్య మరొకటి ఉంది. కాగితపు ఓట్ల కాలంలో వేర్వేరు బూత్‌ల ఓట్లను కలిపి లెక్కించే వీలుండేది. యంత్రాలు వచ్చాక బూత్‌ల వారీగా లెక్క బయటకు వస్తోంది. ఒక బూత్ అంటే సుమారు వెయ్యి ఓట్లు, చిన్న ఊరైతే ఊరంతా అదే. ఎవరు ఎవరికి వేశారో తెలియకపోయినా, ఏ ఊరు ఎటు మొగ్గిందో, ఏ వాడ ఎటు మొగ్గిందో నాయకులకు తెలిసిపోతోంది. ఓటు పడని ఊరికి రోడ్డు పడదన్న బెదిరింపులు విననివారు పల్లెల్లో తక్కువ. పలు బూత్‌ల యంత్రాలను కలిపి ఒకేసారి మొత్తం తేల్చే టోటలైజర్ అనే పరికరాన్ని వాడాలని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో దాన్ని సమర్థించింది. కేంద్రం మాత్రం అంగీకరించలేదు. మనిషి ఓటుకు తెర కట్టాం. ఊరి ఓటుకు ఆ తెర లేదు.

ఇక పేర్ల సంగతి. 2025లో బీహార్‌లో ఓటరు జాబితాల ప్రత్యేక సవరణ చేపట్టినప్పుడు ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు కనిపించలేదు. వాటిని కారణాలతో సహా ప్రచురించాలని ఆ ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. డెబ్బై ఏళ్ల కిందట అదే బీహార్‌లో పేరు చెప్పని మహిళల కోసం సేన్ నెల రోజులు గడువు పొడిగించిన సంగతి ఇక్కడ గుర్తుకు రాకమానదు. జాబితా నుంచి పేరు తీయడం గుమాస్తా పని కాదు, ఒక పౌరుడి గొంతును ఆపడమన్న ఎరుక ఉన్నప్పుడే అటువంటి జాగ్రత్త వస్తుంది.

1951లో సుమారు 28 లక్షల మంది మహిళలు పేరు చెప్పక ఓటు కోల్పోయారు. ఆ పేర్లను తొలగించమని ఆదేశించిన సేన్ కూర్చున్న కుర్చీలోనే 1990లో ఒక తెలుగు మహిళ కూర్చున్నారు. పశ్చిమ గోదావరి జిల్లా చేబ్రోలులో జన్మించిన వి.ఎస్.రమాదేవి ఆ ఏడాది నవంబర్, డిసెంబర్‌లలో కొద్ది రోజులపాటు దేశ ఎన్నికల ప్రధాన కమిషనర్‌గా వ్యవహరించారు. ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే.

ఈసారి జనవరి 25న ప్రతిజ్ఞ చేసేవారు అంతకుముందే ఒక పని చేస్తే బాగుంటుంది. ఓటరు జాబితాలో తమ పేరు, తమ ఇంట్లోని ఆడవారి పేర్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. పోలింగ్ రోజున తెర చాటుకు వెళ్లి వచ్చాక ఎవరు అడిగినా జవాబు చెప్పనవసరం లేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. సుకుమార్ సేన్‌కు అంతకు మించిన నివాళి లేదు.